అతిథి వాటా

తాలాయ్ కాగితం బల్లమీద పెట్టి, దాని పక్కనే తన కలం పెట్టాడు. మూత తీసే పెట్టాడు.

"నాలుగింటి దాకా ఎందుకక్కా? ఇప్పుడే పెట్టేస్తే మీరు భోజనానికి ఇంటికెళ్ళొచ్చు" అన్నాడు.

"డబ్బాలో తెచ్చుకున్నాలే తమ్ముడూ" అంది అనార్‌కాన్, ఆ కలానికి మూత పెడుతూ.

గోడ గడియారం పన్నెండూ ఇరవై చూపిస్తోంది.

కల్నల్ తాలాయ్ భద్రతా విభాగంలో పెద్ద అధికారి. అనార్‌కాన్ నగర ప్రాసిక్యూటర్ కార్యాలయంలో దర్యాప్తు అధికారిణి, అతని కంటే ఏడేళ్ళు పెద్ద. మూడేళ్ళ కిందటి దాకా తాలాయ్ లాంటివాళ్ళు ఎవరినైనా తీసుకుపోవాలనుకుంటే తీసుకుపోయేవారు. ఎవరి సంతకమూ అక్కర్లేదు. దేశం కొత్తగా నిలబడ్డాక కొత్త చట్టం వచ్చింది. ముప్పై గంటలకి మించి మనిషిని లోపల ఉంచాలంటే ప్రాసిక్యూటర్ తరఫున ఒకరు సంతకం పెట్టాలి. ఈ వారం ఆ ఒకరు అనార్‌కాన్. ముప్పై గంటలూ ఇవాళ నాలుగింటికి నిండుతాయి. ఆమె సంతకం పెడితే బురుల్ అనే ఇరవయ్యారేళ్ళ దుబాసీ మీద దేశద్రోహం కేసు నడుస్తుంది, పదిహేనేళ్ళకి తక్కువ పడదు. పెట్టకపోతే ఆ పిల్ల ఇంటికి వెళ్ళిపోతుంది.

సంగతి చిన్నదే. దక్షిణాన ఉన్న పాత విమానాశ్రయం ఒకటి అమెరికావాళ్ళకి కావాలి. బదులుగా గోధుమలు, మన ఆనకట్టకి కొత్త యంత్రాలు ఇస్తామన్నారు. మూడేళ్ళకి మించి ఇచ్చేది లేదని మనవాళ్ళు పట్టుపట్టారు. వాళ్ళు మరీ బిగిస్తే పదేళ్ళ దాకా దిగవచ్చని ఒక్క కాగితం మీద రాసి ఉంది. అది ఉప విదేశాంగ మంత్రి సాగింబాయ్ ఫైల్లో ఏడో కాగితం. మంగళవారం సాయంత్రం సాగింబాయ్ ఇంట్లో అమెరికా బృందానికి విందు జరిగింది. బుధవారం ఎనిమిదిన్నరకి కార్యాలయంలో ఫైలు విప్పితే ఆరు కాగితాలే ఉన్నాయి. తొమ్మిదింటికి చర్చలు మొదలుకాగానే అమెరికా ప్రతినిధి హాల్వర్సన్, బేరమే లేకుండా, పదేళ్ళు అన్నాడు. పది గంటలకి బురుల్‌ని తీసుకెళ్ళారు. ఫైలు మోసింది ఆమె. అమెరికావాళ్ళ పక్కన కూర్చున్నదీ ఆమే.

ఇవాళ ఐదింటికి పదేళ్ళ మీదే ఒప్పందం జరగబోతోంది. రేపు పార్లమెంటులో ఎందుకు దిగారని అడుగుతారు. చెప్పడానికి ద్రోహి ఒకరు ఉండాలి.

అనార్‌కాన్ ముందు ఆ పిల్లని చూస్తానంది. పక్క గదిలో బురుల్ రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆగిపోయిన ముఖం. అడిగినవాటికి తడుముకోకుండా జవాబు చెప్పింది. మంగళవారం ఏడూ నలభైకి ఆయన ఇంటి గుమ్మం దగ్గరే ఫైలు మంత్రిగారి చేతికిచ్చింది. ఆయన దాన్ని పడకగదిలోకి తీసుకెళ్ళాడు. తర్వాత పది దాటేదాకా ఆమె హాల్వర్సన్‌కీ, మంత్రిగారి తల్లికీ మధ్య కూర్చుని ఇద్దరి మాటలూ ఒకరివి ఒకరికి చెబుతూనే ఉంది. ఒక్కసారి కూడా లేవలేదు.

"ఒక్కసారి కూడానా?"

"ఆ ముసలావిడ లేవనిస్తే కదక్కా. నీళ్ళు తాగడానికీ తీరిక లేదు. అమెరికాలో గొర్రెలు ఈనేది ఏ నెలలో అని అడిగారు. ఆయనకి తెలీదు. తెలీదని చెప్తే ఆవిడ నమ్మలేదు, నేనే సరిగ్గా అడగలేదనుకున్నారు."

బురుల్ నవ్వబోయి మానేసింది. తర్వాత మెల్లగా అంది: "మంత్రిగారు గుమ్మంలో ఫైలు విప్పి కాగితాలు లెక్కపెట్టుకున్నారు. ఏడూ ఉన్నాయి. ఆయన్ని అడగండి. ఆయన చెప్తారు కదా?"

సాగింబాయ్ వాంగ్మూలం అనార్‌కాన్ అప్పటికే చదివింది. ఫైలు అందుకున్నాననీ, విప్పకుండానే బీరువాలో పెట్టి తాళం వేశాననీ, పొద్దున కార్యాలయంలోనే విప్పాననీ అందులో ఉంది.

తిరిగి వచ్చి బురుల్ గదిలో సోదా చేసిన జాబితా అడిగింది. తాలాయ్ విసుగ్గా తోశాడు. ముప్పై ఒక్క వస్తువులు. నిఘంటువులు, ఒక స్వెట్టరు, అమ్మ ఉత్తరాలు. పద్నాలుగో అంకె దగ్గర ఆమె వేలు ఆగింది. "ఉడికించిన గొర్రెమాంసం, ఎముకతో. పాత వార్తాపత్రికలో చుట్టినది."

"మావాళ్ళు అది కూడా రాశారు చూశారా," అన్నాడు తాలాయ్. "మరీ చాదస్తం. అందులో ఏమీ లేదు. విప్పి చూశారు, మళ్ళీ చుట్టారు."

"చుట్టింది ఏ తేదీ పేపరు?"

"అక్కా, దేశరహస్యం పోయింది. మీరు మాంసం పొట్లం గురించి అడుగుతున్నారు."

"నువ్వు హాస్టల్లో పెరిగావు కదూ?"

తాలాయ్ ముఖం బిగుసుకుంది. ఎనిమిదో ఏట నుంచి ప్రభుత్వ పాఠశాల హాస్టలు, తర్వాత మాస్కోలో శిక్షణ. విందు వాటాలో మిగిలింది ఇంటికి తీసుకెళ్ళాలని కూడా తెలియక, తనకొచ్చిన ఎముక చూసి, దీన్నేం చేయమని పక్కవాళ్ళని అడుగుతాడని కార్యాలయంలో చెప్పుకుంటారు. ఆ మాట అనకుండా ఉండాల్సిందని అనార్‌కాన్‌కి అప్పుడే అనిపించింది. కానీ అనేసింది.

"నేనెక్కడ పెరిగానో ఈ కేసులో లేదు," అన్నాడతను. "మీరు వంటింట్లో పెరిగారు, అక్కడే వెతకండి. నాలుగింటికి మాత్రం ఈ బల్ల దగ్గరుండండి."

వంటింట్లోనే వెతకాలని ఆమె అప్పటికే నిర్ణయించుకుంది.

ఒంటిగంటా పదికి సాగింబాయ్ ఇంటి గంట కొట్టింది. రెండో అంతస్తు, నాలుగు గదులు. ఉప మంత్రి భార్య కాలిపా తలుపు తీసింది. కళ్ళ కింద నల్లటి చారలు. అధికారులు వస్తే కుర్చీ చూపించే ఇల్లే అది, కానీ అనార్‌కాన్ నేరుగా వంటింట్లోకి నడిచి, పొయ్యి పక్క పీట మీద కూర్చుంది. కాలిపా కాసేపు నిలబడి, ఇక తప్పదన్నట్టు టీ కెటిల్ పెట్టింది.

కిటికీకి అడ్డంగా కట్టిన తాడు మీద కడిగిన ప్లాస్టిక్ సంచులు నాలుగు ఆరుతున్నాయి. దుకాణాల్లో దొరకడం మానేశాక ప్రతి ఇంట్లోనూ అదే తాడు.

"మంగళవారం ఎంతమంది?" అని అడిగింది అనార్‌కాన్.

"పన్నెండుమంది. నలుగురు వాళ్ళవాళ్ళు, ఎనిమిదిమంది మనవాళ్ళు. గొర్రె ఒకటే, పన్నెండు వాటాలూ సరిపోయాయి. లేకపోతే పరువు పోయేది."

"తుంటి ఎముక ఎవరికిచ్చావు?"

అడిగినవాళ్ళకి వంట తెలుసని అర్థం కాగానే కాలిపా భుజాలు కొంచెం దిగాయి. ఒక తుంటి అత్తగారికి, రెండోది హాల్వర్సన్‌కి. తొడ ఎముకలు ఇద్దరు సలహాదారులకి. దుబాసీ పిల్లకి ముందుకాలి ఎముక ఇద్దామనుకుంటే అత్తగారు ఒప్పుకోలేదట. తన పక్కన కూర్చున్న ఆడపిల్ల కూతురుతో సమానమని, కూతురికిచ్చే తోకఎముక ఇప్పించిందట. హాల్వర్సన్ నాలుగు ముక్కలు కోసుకుని చాలన్నాడు. మిగతాది ఆయన కూడా తీసుకెళ్ళాలి కదా. వాటా ఇంటికి చేరకపోతే విందు పూర్తయినట్టు కాదు.

"దేంట్లో చుట్టి ఇచ్చారు?"

"పేపర్లలో. సంచులు నాలుగే ఉన్నాయి, అవి పులుసుకి. పేపర్లు ఆ గదిలో ఉంటాయి. చుట్టడం అత్తయ్య పని. నేను గిన్నెల దగ్గరున్నాను."

"గది చూస్తాను."

పడకగదిలో ఒక గోడకి బీరువా. ఎదురుగా చెక్కపెట్టె, దాని మీద పైకప్పు దాకా పేర్చిన బొంతలు. పెట్టె పక్కన పొట్టి బల్ల మీద మోకాలెత్తు పాత పత్రికల కట్ట. అనార్‌కాన్ బీరువా తాళం చూసింది. గీత కూడా పడలేదు. బీరువా నుంచి పొట్టి బల్లకి మూడడుగులు. గోడదీపం ఒక్కటే, ఆ బల్లకి పైనే ఉంది. గదిలో చదువుకోవాలంటే నిలబడాల్సిన చోటు అదొక్కటే.

"నిన్న పొద్దున పేపర్లు సర్దావా?"

"సర్దలేదు. ఆయన కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతికాను. కార్యాలయానికి వేళవుతోందని ఒకటే కేకలు. చివరికి ఆ పేపర్ల మీదే దొరికింది."

ఆ మాట అన్నాక కాలిపాకి ఏదో తట్టింది. ఇద్దరూ కట్ట వైపు చూశారు.

"దూరపు చూపుకా, దగ్గర చూపుకా ఆ కళ్ళజోడు?" అని అడిగింది అనార్‌కాన్.

"చదవడానికి" అంది కాలిపా. గొంతు బాగా తగ్గిపోయింది.

తర్వాతది తోడి తీయాల్సిన అవసరం లేకపోయింది. ఏడూ నలభై ఐదుకి ఆయన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఎనిమిదికి అమెరికావాళ్ళ కార్లు వచ్చాయి. కాలిపా రెండుసార్లు తలుపు తట్టింది. రెండోసారి గట్టిగా, వాళ్ళు మెట్లెక్కుతున్నారని చెప్పింది. ఆయన కంగారుగా బయటికొచ్చాడు. ఫైలు బీరువాలో పెట్టిన మాట నిజమే. దాన్లోంచి తీసి చదువుకుంటున్న కాగితం సంగతే ఆ కంగారులో మర్చిపోయాడు, లేదా పేపర్ల మధ్యకి తోసి తర్వాత తీద్దామనుకున్నాడు. మర్నాడు ఎనిమిదిన్నరకి ఫైలు విప్పినప్పుడు గుర్తొచ్చి ఉంటుంది. అప్పటికి కాగితం ఇంట్లో లేదు.

గుర్తొచ్చాకే ఆ పిల్ల పేరు చెప్పాడన్నమాట, అనుకుంది అనార్‌కాన్. దొంగ కాదు, గూఢచారి కాదు. భయపడ్డ మనిషి. తన ఉద్యోగంలో ఎక్కువగా చూసింది ఇలాంటివాళ్ళనే.

పెద్ద గదిలో సాగింబాయ్ తల్లి ఉమ్సునై తెల్ల తలగుడ్డ చుట్టుకుని, నేల మీద దిండుకానుకుని ఉన్ని వడుకుతోంది. ఎనభై ఒక్కేళ్ళు. అనార్‌కాన్ రెండు చేతులూ ఛాతీ మీద పెట్టుకుని పలకరించి, ఆమె ముందు కూర్చుని, నేరుగానే అడిగింది. దూరపు అతిథి వాటా దేన్లో చుట్టారు పెద్దమ్మా అని.

"తెల్లకాగితంలో" అంది ముసలావిడ.

"మిగతావాళ్ళకి పేపరే కదా?"

"పేపర్ల సిరా మాంసానికి అంటుతుందమ్మాయ్. మనవాళ్ళకైతే పర్లేదు, అలవాటే. సముద్రాలు దాటి వచ్చినవాడికి నల్లటి మాంసం పంపుతామా? వెతికాను. పేపర్ల మధ్య ఒక్కటే ఉంది, మందపు కాగితం, శుభ్రంగా. వాడి అదృష్టం అనుకున్నాను."

"దాని మీద రాత ఉందా?"

"ఒక పక్క చీమలబారులాగా ఏదో ఉంది. ఆ పక్క పైకి పెట్టాను. తెల్ల పక్క మాంసానికి ఆనించాను." కదురు ఆపి, తనేదో పొరపాటు చేసినట్టుందని మొదటిసారి అనుమానపడింది. "అది మావాడి కాగితమా?"

దేశం రాసుకున్న ఏడో కాగితం, అక్షరాలు పైకి ఉండేలా మడిచి, తుంటి ఎముకకి చుట్టి, రెండు చేతులతో అమెరికా ప్రతినిధికి అందించింది ఈవిడ. హాల్వర్సన్ వంగి నమస్కరించి తీసుకున్నాడట. వాళ్ళ దుబాసీ కారులోనే చదివి ఉంటాడు. అనార్‌కాన్‌కి నవ్వు రావాల్సింది. రాలేదు. ఆ సాయంత్రం ఈ ఇంట్లో మర్యాదలో లోపం చేయనిది ఈ ముసలావిడ ఒక్కతే.

రెండూ యాభైకి బయట తాళం తిరిగింది. సాగింబాయ్ లోపలికొచ్చాడు, వెనక తాలాయ్. ఇంకొకడు మెట్ల దగ్గరే నిలబడిపోయాడు. సాగింబాయ్ ఎవరి వంకా చూడకుండా తల్లి దగ్గరికెళ్ళి, ఊరికి పోదాం, కారు తెచ్చాను, కొండగాలికి ఒళ్ళు బాగుంటుంది అంటూ ఆమె బట్టలు మూట కట్టసాగాడు.

అనార్‌కాన్ తాలాయ్ వైపు తిరిగింది. ముసలావిడని ఊరు దాటించాలంటే ముసలావిడ ఏం చేసిందో ముందే తెలియాలి.

"ఎప్పట్నుంచి తెలుసు?" అని అడిగింది.

అతను వంటింట్లోకి నడిచాడు. ఆమె వెనకే వెళ్ళింది. అతను జేబులోంచి ఒక కాగితం తీసి విప్పాడు. మడతల దగ్గర కొవ్వు పేరుకుని, అద్దంలా మెరుస్తోంది. మధ్యలో పదేళ్ళు అన్న మాట చక్కగా కనిపిస్తోంది.

"నిన్న మధ్యాహ్నం నుంచి. అమెరికావాళ్ళ వంటింట్లో మన మనిషి ఉన్నాడు. చెత్తబుట్టలోంచి తెచ్చాడు."

"అంటే ఆ పిల్ల తప్పు లేదని నీకు తెలుసు."

"కూర్చోండక్కా, ఇది మీకూ తెలియాలి. గూఢచారులు అన్ని దేశాల్లోనూ ఉంటారు. మాకూ ఒక ద్రోహి దొరికింది అంటే పెద్ద దేశాలు అర్థం చేసుకుంటాయి, గౌరవిస్తాయి కూడా. రహస్యాన్ని మాంసానికి చుట్టి ఇచ్చారంటే? మన దేశం పుట్టి మూడేళ్ళు. ఇంకో ముప్పై ఏళ్ళు ప్రతి బల్ల దగ్గరా మనల్ని చూసి నవ్వుతారు. ఒక పిల్ల ఎక్కువా, దేశం ఎక్కువా?"

ఆ మాటలో అబద్ధం లేదని ఆమెకి తెలుసు. నవ్వుతారు. కానీ ముప్పై గంటల చట్టం రాసినప్పుడు ఇలాంటి లెక్క ఎవరూ వేయకూడదనే కదా రాశారు.

"దేశం అంటే ఎవరనుకున్నావ్ తాలాయ్? ఆ పిల్ల ఏ దేశం?"

అతను పొయ్యి వెలిగించి కాగితం అంచు మంటకి పట్టుకున్నాడు. కొవ్వు పట్టిన కాగితం చిటపటలాడుతూ ఒక్క ఊపున అంటుకుంది. వంటింటినిండా మాంసం మాడిన వాసన.

"ఇక మీ చేతిలో ఉన్నది ఒక ముసలావిడ చెప్పిందన్న మాట. ఆవిడా ఊళ్ళో ఉండదు. నాలుగింటికి కలుద్దాం."

నడవలోకెళ్ళి ఫోను తిప్పడం మొదలుపెట్టాడు. లైను కలవలేదు. మళ్ళీ తిప్పాడు. ఈసారి అతని గొంతు తలుపుకి ఇవతలకి స్పష్టంగా వినిపించింది. ఆ పిల్లని మూడున్నరకి బండి ఎక్కించమంటున్నాడు. నాలుగు కొట్టేలోపు నగరం పొలిమేర దాటాలట. అవతలి జిల్లా ప్రాసిక్యూటర్ సంతకం సంగతి తను చూసుకుంటాడట.

మూడూ ఐదు. అనార్‌కాన్ పెద్ద గదిలోకి వచ్చి, సంచిలోంచి కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని ముసలావిడ చెప్పినదంతా ఆరు వాక్యాల్లో రాసింది. వేలిముద్ర పడ్డ వాంగ్మూలం ఎదురుగా ఉంటే ఏ జిల్లా ప్రాసిక్యూటరూ సంతకం పెట్టలేడు. సాగింబాయ్ మూట ముడివేస్తూ ఆగిపోయాడు. ఆమె అతన్ని పట్టించుకోకుండా ముసలావిడకి చదివి వినిపించి, ఈ మాట బయటికెళ్తే మీ అబ్బాయి ఉద్యోగం పోతుంది పెద్దమ్మా, చెప్పకపోతే ఆ దుబాసీ పిల్ల జైలుకెళ్తుంది అంది.

"ఏ పిల్ల? నా పక్కన కూర్చున్న పిల్లా?"

"ఆ పిల్లే."

ముసలావిడ కొడుకు వంక చూసింది. అతను నేల చూశాడు.

"నా ఇంట్లో కూతురి వాటా తిన్నది" అని మాత్రం అని, బొటనవేలు చాచింది. అనార్‌కాన్ సిరా మెత్త తెరిచింది. ముద్ర పడ్డాక కాలిపా ముందుకొచ్చి, ఎవరూ అడక్కుండానే, సాక్షి సంతకం పెట్టింది. కలం తిరిగి ఇచ్చేసింది. భర్త వైపు మాత్రం తిరగలేదు.

నడవలో ఫోను పెట్టేసిన చప్పుడయింది. ఉమ్సునై ఆ కాగితాన్ని నాలుగు మడతలు వేసి, పక్కనున్న వార్తాపత్రిక మీద ఉంచి, పళ్ళెంలో మిగిలిన ఉడికించిన మాంసం ముక్క దాని మీద పెట్టబోయి ఆగింది. మధ్యలో ఇంకో పేపరు మడత పెట్టి, అప్పుడు మాంసం పెట్టింది. నాలుగు వేయించిన రొట్టెముక్కలు కూడా వేసి, దారంతో కట్టింది.

"ఆ పిల్లకివ్వు" అంది. "ఇంకెవరి చేతికీ ఇవ్వకు. వాటా మోసుకెళ్ళినవాళ్ళే చేతిలో పెట్టాలి, తెలుసుగా."

తాలాయ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముగ్గురు ఆడవాళ్ళనీ మార్చి మార్చి చూశాడు.

"ఏం చేశారు ఇంతసేపూ? ఏమైనా రాయించుకుందా?" అని సాగింబాయ్‌ని అడిగాడు.

సాగింబాయ్ తల్లి బొటనవేలు చూశాడు. ఆమె దాన్ని దాచలేదు. ఉన్ని ఉండ మీద ఆనించి ఉంచింది, నీలం మరక కనబడుతూనే ఉంది. అతను తాలాయ్‌కీ తల్లికీ మధ్యకి వచ్చి, మూట ఎత్తడానికన్నట్టు వంగాడు.

"టీ తాగారు" అన్నాడు.

తాలాయ్ మెట్ల దగ్గరి మనిషికి కేక వేసి, ప్రాసిక్యూటరు గారి సంచి చూసి పంపమన్నాడు. మెట్ల మీద ఆ మనిషి సంచిలో పుస్తకం ఆకులు తిరగేశాడు, సిరా మెత్త విప్పాడు, భోజనం డబ్బా మూత తీశాడు. చివరికి పొట్లం మీద చేయి పెట్టాడు.

"ఇదేమిటక్కా?"

"వాటా. పెద్దావిడ పంపించారు."

ముప్పై ఏళ్ళ మనిషి, పల్లె నుంచి వచ్చినవాడు. పొట్లం లోంచి వెచ్చదనం తగిలినట్టు చేయి వెనక్కి తీసుకుని, గోడకి ఒత్తుకుని దారిచ్చాడు. ఇంకొకరి వాటా విప్పి చూసేవాడు ఆ కొండల్లో ఇంకా పుట్టలేదు.

వీధిలోకి వచ్చేసరికి మూడూ ఇరవై, బురుల్‌ని బండి ఎక్కించడానికి ఇంకా పది నిమిషాలు. భద్రతా విభాగం గేటు అక్కడికి పదకొండు వీధుల దూరం. ట్రాలీబస్సు కనుచూపు మేరలో లేదు. యాభై ఒక్కేళ్ళ అనార్‌కాన్ పొట్లాన్ని పైకోటు లోపల పెట్టుకుని, రెండో చేత్తో దాన్ని అదిమి పట్టుకుని, పరుగెత్తడం మొదలుపెట్టింది.